వల్లె వేయించిన నేరం

జిప్పోరా టీచర్‌ను ఉద్యోగంలోంచి తీసేసిన లెటర్ టైపు కొట్టింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చివర్లో తెలిసి, "ఈ కరుణాకర్‌గాడు ఇంతసేపూ పెద్దమనిషిలా మాట్లాడాడే" అని మీరే తిడతారు.

ఆమెది మెదక్. మిషన్ హాస్టల్లో పెరిగి, టీచర్ ట్రైనింగ్ చేసి, నాంపల్లి స్టేషన్ వెనక మా మిషన్ బడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. బడి పక్క గల్లీలోనే ఒక కిరాయి గది. మా నాన్న స్టేషన్‌లో హమాలీ. నాకు అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు అన్నీ ఆమె దగ్గరే వచ్చాయి. మేం హిందువులమే గానీ, బైబిల్ కీర్తనలు అప్పజెప్పమంటే ఇప్పటికీ పాస్టర్ గారి కంటే నేనే ముందుంటాను. ఆమె పద్ధతి ఒక్కటే. చెక్క స్కేలుతో టేబుల్ మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు కొడితే నలభై గొంతులు ఒక్కసారి లేచేవి. ఆ స్కేలు ఏనాడూ ఒక్క పిల్లాడి ఒంటి మీద పడలేదు. ఇంటర్ తప్పి తిరుగుతున్న నన్ను చెవి పట్టుకుని టైపింగు క్లాసులో చేర్పించింది, అదే బళ్లో క్లర్కు పని ఇప్పించింది కూడా ఆమే.

1994లో వరప్రసాద్ గారు హెడ్‌మాస్టర్‌గా వచ్చారు. గుంటూరు వైపు మనిషి, చొక్కా ఇస్త్రీ సాయంత్రం దాకా చెదరదు. లక్డీకాపూల్ హోటల్లో మూడు రోజుల వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చి, వల్లె వేయడం పిల్లల బుర్రలకు విషమని తేల్చేశారు. ఇక చదువంతా ఆటలతో, బొమ్మలతో అన్నారు. నెల తిరిగేసరికి బడి నిండా థర్మోకోలే. థర్మోకోల్ చార్మినార్, థర్మోకోల్ గుండెకాయ, థర్మోకోల్ నోవహు ఓడ!

"బొమ్మలు మంచిగనే ఉన్నయి సార్," అంది జిప్పోరా టీచర్. "గని ఎక్కాలు నోటికి రాకుంటే ఎట్ల? థర్మోకోల్ జేబుల పెట్టుకొని తిరుగుతరా పోరగాండ్లు?"

స్టాఫ్‌రూంలో అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత తనిఖీకి ఆఫీసర్లు వచ్చిన రోజున ఆమె క్లాసు పదమూడో ఎక్కం రోడ్డు దాకా వినిపించింది. వారం తిరగకుండా నా టేబుల్ మీదికి చిత్తు ప్రతి వచ్చింది. 'ఆధునిక విద్యకు విరుద్ధముగా పిల్లలచేత వల్లె వేయించుచున్నందున' అని మొదలు. ఆమె నేర్పిన అక్షరాలే, ఆమె ఇప్పించిన ఉద్యోగమే. నా చేతులు పడిపోలేదు, చక్కగా కొట్టేశాయి. ఆమె లెటర్ చదివి, సంతకం పెట్టి, స్కేలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

తర్వాత పన్నెండేళ్లు హిమాయత్‌నగర్‌లో ఎవరింట్లోనో మంచం పట్టిన ముసలామెకు సేవ చేసింది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు వాక్యాలు చెప్పేది. దారిలో కనబడితే, "తిన్నవా బిడ్డా?" అని అడిగేదే తప్ప ఆ లెటర్ ఊసు ఎత్తేది కాదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

2006లో వరప్రసాద్ గారికి రెండోసారి జ్ఞానోదయమైంది. రిటైరై, ఏదో విదేశీ సంస్థ పిలిస్తే రెండు వారాలు సదస్సుకు వెళ్లొచ్చారు. రాగానే ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తు అద్దెకు తీసుకుని 'క్లాసికల్ క్రిస్టియన్ అకాడమీ' అని బోర్డు కట్టారు. విదేశాల్లో వెనకటి క్రైస్తవ బళ్లలో ఉండిన చదువట. లాటిన్, తర్కం, సభలో మాట్లాడే విద్య. టైపిస్టు కావాలి గనక నన్నూ లాక్కొచ్చారు.

మొదటి పేరెంట్స్ మీటింగులో ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆధునిక చదువులు మన పిల్లల్ని పాడు చేశాయండీ! చిన్న వయసులో వల్లె వేయడమే సహజం. పునాది అదేనండీ!"

నేను బల్ల మీది నీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంకెటు చూడాలో తెలియలేదు.

వల్లె వేయడమే పునాది అని మేం అచ్చేసి పంచిన కరపత్రం పట్టుకుని మర్నాడే జిప్పోరా టీచర్ వచ్చింది. "ఔ కరుణాకర్, ఇది నా చదువే గద?" ఆమె మొహం వెలిగిపోతోంది. లోపలికి పోయి పది నిమిషాల్లో బయటికొచ్చింది. బి.ఇడి. లేదట, ఇంగ్లీషు లేదట. ఆయా పని ఉందట.

"వద్దు టీచరమ్మా," అన్నాను.

"ఊకో. క్లాసు గుమ్మం దాకనన్న పోత గద. సచ్చేలోపట ఒక్కపారి నల్గురిల నన్ను టీచర్ అంటే సాలు నాకు."

అకాడమీలో ఒకటే చిక్కు. లాటిన్ చెప్పేవాళ్లు ఊరంతా వెతికినా దొరకలేదు. విదేశం నుంచి సీడీ తెప్పించి పెడితే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. వరండా ఊడుస్తూ ఆ సీడీ విని విని జిప్పోరా టీచర్‌కు మొత్తం నోటికొచ్చేసింది. మధ్యాహ్నం నల్లా దగ్గర చేతులు కడుక్కునే వరుసలో నిలబెట్టి, బకెట్ మీద స్కేలుతో టక్ టక్‌మని, ఎక్కాల వరసలో ఎత్తుకుంది. "ఆమో, ఆమాస్, ఆమత్!" పిల్లలకు పది రోజుల్లో వచ్చేసింది.

"దీని అర్థమేంది?" అని నన్నడిగింది. కంప్యూటర్లో చూసి చెప్పాను: నేను ప్రేమిస్తున్నాను, నువ్వు ప్రేమిస్తున్నావు.

"ఓ యేసయ్యా! గిసొంటియా పిల్లలతోని చెప్పిచ్చేది?" అని నోరు నొక్కుకుంది. కానీ మానలేదు.

డిసెంబర్‌లో ఆ విదేశీ సంస్థ పెద్దాయన చూడటానికి వస్తున్నాడన్నారు. పొద్దున్నే ఆమె తెల్ల చీర ఇస్త్రీ చేయించుకుని కట్టుకొచ్చింది.

"ఆ దొర నేనెవరని అడుగుతే ఏమని చెప్తవ్ బిడ్డా?"

"టీచరమ్మ అనే చెప్త. ఫికర్ జెయ్యకు," అన్నాను. మాటిచ్చాను.

హాలు నిండా తల్లిదండ్రులు. "బిగిన్!" అన్నారు వరప్రసాద్ గారు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్క గొంతూ లేవలేదు. "బిగిన్, చిల్డ్రన్!" ఊహూఁ. అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ ఆయా, ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో స్కేలు. ఆ టక్ టక్ పడందే వాళ్లకు మొదలెట్టడం తెలియదు మరి!

ఆమె ఒక్క క్షణం సారు వైపు చూసింది. కొట్టింది.

లేచింది చూడండీ ఆ గోల, కింద చెప్పులు కొనేవాళ్లు కూడా తలెత్తి ఉంటారు. దొర కళ్లు తడయ్యాయి. మా దేశంలో వందేళ్ల కిందట పోగొట్టుకున్నది ఇక్కడ బతికే ఉంది, ఈ పద్ధతి ఎవరిది అని అడిగాడు.

"నేను మొదట్నుంచీ నమ్మిన పద్ధతేనండీ," అని ఇంగ్లీషులో చెప్పారు వరప్రసాద్ గారు.

"ఆమె ఎవరు?" అని దొర, పక్కనే ఫైలు పట్టుకుని నిలబడ్డ నన్ను అడిగాడు. నన్నే. సారు నా వైపు చూశారు. గుమ్మంలోంచి ఆమె చూసింది. నాకు ఇద్దరు పిల్లలు, నలభై దాటిన వయసు. "మా ఆయా, సర్," అన్నాను. ఛీ, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

దొర మెచ్చుకుని, ఈ పద్ధతికి ప్రత్యేకంగా ఒక టీచర్‌ను పెట్టమన్నాడు. మర్నాడు సారు నన్ను ప్రకటన టైపు చేయమన్నారు. 'పిల్లలచేత వల్లె వేయించుటకు టీచరు కావలెను. బి.ఇడి. తప్పనిసరి.' కొత్తగా వచ్చే అమ్మాయికి ఎలా చెప్పించాలో ఆయా వారం రోజులు చూపిస్తుందట.

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక, పాత ఫైల్లో దాచుకున్న 1994 లెటర్ కాపీ, ఈ ప్రకటన, రెండూ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. తిట్టు టీచరమ్మా, ఇప్పుడైనా తిట్టు అనుకుంటూ నిలబడ్డాను.

ఆమె చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, రెండు కాగితాలూ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది, చిన్నప్పుడు నా కాపీ పుస్తకం దిద్దినట్టే.

"ఒక్క తప్పు లేదు బిడ్డా," అంది, నా భుజం తట్టి. "రెండు మంచిగ కొట్టినవ్."