మాడు వాసన

మా తమ్ముడు మిజో పిల్లను చేసుకుంటానన్నప్పుడు, వాళ్లలాగే మాదీ చర్చికి పోయే ఇల్లే అయినా, వికారాబాద్‌లో మా చుట్టాలంతా ముక్కు మీద వేలేసుకున్నారు. హైదరాబాదులో ఇద్దరిదీ ఒకే ఆస్పత్రిలో ఉద్యోగం. మా నాయిన మాత్రం పిల్లది ఏ రాష్ట్రమని ఒక్కసారి అడిగి, చెప్పగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెళ్లికి రాలేదు. అయినా వాళ్లిద్దరూ నాయిన, నేను ఉండే ఇంట్లోనే కాపురం పెట్టి, రోజూ రైల్లో డ్యూటీకి పోయొచ్చేవాళ్లు.

మరదలు ఏడాదిలోనే మా యాస పట్టేసింది. కందులు చెరుగుతూ తన కొండల ముచ్చట్లు చెప్పేది. అక్కడ ఎన్నో ఏళ్లకొకసారి వెదురు పూస్తుందట. ఆ కాయలు తిని ఎలుకలు తెగ పెరిగి, పంటల మీద పడతాయట. అలా వచ్చిన ఒక కరువులో తమను ఎవరూ పట్టించుకోలేదన్న కోపం తిరుగుబాటు దాకా పోయిందట.

"ఎలుకల కోసం గంత లొల్లి చేసిన్రా?" అని నవ్వాను.

"ఎలుకల కోసం కాదు వదినె, ఆకలికి" అంది.

చిక్కంతా అన్నం దగ్గరొచ్చింది. గిన్నె కొంచెం అడుగంటినా నాయిన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకసారి కంచం విసిరేశాడు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ అన్నం దించేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. ఎందుకని మేమెవరం అడగలేదు. "మామకు నేనంటే అసయ్యం" అని మరదలు ఏడిస్తే, "ముసలాయనకు పొగరు" అని నేనే ఇంకాస్త ఎగదోశాను.

చివరికి తమ్ముడు తాండూరులో పని చూసుకున్నాడు. సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు. ఆటో మలుపు తిరగ్గానే నాయిన మీద విరుచుకుపడ్డాను.

"ఇల్లు రెండు ముక్కలాయె. నీ కండ్లు చల్లవడ్డయా?"

అప్పుడు చెప్పాడు. మిలిటరీలో చేరిన కొత్తలో ఆయన్ను ఆ కొండలకే పంపారట.

"తిరుగబడ్డోళ్లకు తిండి దొరకొద్దని గుట్టల మీది ఊర్లు ఖాళీ చేయించి రోడ్డు పక్కకు తెచ్చినం బిడ్డా. మా ఇష్టంతోనే వచ్చినమని ఊరి పెద్దమనిషితోని సంతకం పెట్టిచ్చిన్రు. ఇండ్లకు మేమే అగ్గి అంటువెట్టినం. వడ్లున్న గాదెలకు సుత. గా మాడు వాసన ఇంకా ముక్కులనే ఉన్నది. గా పిల్ల మొకం చూస్తే ముద్ద దిగది."

"గీ ముచ్చట దానికి చెప్పు."

"వద్దు. నీకు దండం పెడ్త, నువ్వు గూడ చెప్పకు."

చెప్పలేదు. గయ్యాళినని పేరున్న నా నోటికి ఆ ఒక్క మాట దగ్గర తాళం పడింది. నెలకోసారి రైలెక్కి తాండూరు వెళ్లేదాన్ని, టీ తాగేదాన్ని, వచ్చేసేదాన్ని. కోపం రాలేదు, బాధా రాలేదు. మొద్దుబారిపోయాను.

రెండేళ్లకు నాయిన పోయాడు. తెలివి లేకుండా పడి ఉన్న ఆఖరి వారం మరదలే వచ్చి చూసుకుంది. మూడో రోజు ప్రార్థన అయ్యాక, ఇద్దరం కుర్చీలు సర్దుతుంటే అడిగింది.

"ఇగనన్న చెప్పు వదినె. మామకు నేనెందుకు గిట్టకపోతి?"

అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏ ఊరు?" అంది.

"తెల్వది. నేనడగలే."

చేతిలోని కుర్చీ కింద పెట్టి దాని మీద కూర్చుంది.

"మా అమ్మ చంటిపిల్లప్పుడు వాళ్ల ఊరు గూడ గట్లనే పోయింది. ఆ ఊరు ఎట్లుండెనో చెప్పేటోళ్లు మా ఇంట్ల ఒక్కరు లేరు. గా ఊరేనేమో, మామను అడిగేదాన్ని గద."

"ఊరు కాలవెట్టినాయన్ను ఏమడుగుతవే?"

"కాలవెడ్తె కాలవెట్టిండు. చూసిండు గద, వదినె."