కుడిచేతి చివరి స్వరాలు

రిటైరై గని క్వార్టర్ ఖాళీ చేశాక కరీంనగర్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. సాయంత్రం పూట పియానో వింటాను. ఒకే రచనను ఇద్దరు ముగ్గురు వాయించినవి వెంట వెంట పెట్టుకుని, ఎవరు ఎక్కడ ఆగారు, ఎక్కడ తొందరపడ్డారు అని పోల్చుకోవడం నా అలవాటు. ఈ పిచ్చి పట్టించింది ఆదిలాబాద్ వైపు గనిలో నాతో పనిచేసిన మిత్రుడు. నాకంటే చిన్నవాడు, అన్నా అంటాడు. ఇప్పుడు హుజూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి పోయేవాణ్ణి. ఈ సంగీతం గురించి మాట్లాడుకోవడానికి నాకు మరో మనిషి లేడు.

మొన్న ఎండాకాలంలో, నెమ్మదిగా సాగే ఒక రచనకు రెండు రికార్డింగులు ఫోన్‌లో పెట్టాడు. ఒకటి పాతది, ఒక ముసలాయన వాయించింది. ఎడమచేయి బరువుగా మోగుతుంది. రెండోది ఈ మధ్య ఒక యువతి వాయించింది. ఆమెదే మేలన్నాడు. ముగింపులో కుడిచేయి పైపైకి పోయి, చివరి స్వరాలను తాకీ తాకనట్టు వదిలిందట. నాకక్కడ నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ లేదు. పక్కనే వాళ్ల అల్లుడు కూర్చుని ఉన్నాడు. అతని ఎదుటే మిత్రుణ్ణి అనేశాను.

“నీకు వినుడు గాదు, విన్నట్టు కనవడుడే గావాలె.”

మిత్రుడు ఫోన్ బోర్లా పెట్టి అల్లుణ్ణి భోజనానికి లేపాడు. నన్నూ పిలిచాడు గానీ నా ముఖం చూడలేదు. తరువాతి ఆదివారం ఊళ్లో ఉండనన్నాడు. ఆ పై వారం ఫోనే ఎత్తలేదు. నేనూ బింకంగా ఊరుకున్నాను. ఇంట్లో ఆ రెండు రికార్డింగులూ వింటూ, గెలిచింది నేనే అనుకునేవాణ్ణి. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

వానలు పడ్డాక ఆసుపత్రిలో చెవులు పరీక్షించారు. గనిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను పక్కన అన్నేళ్లు పనిచేసినందుకు పై స్థాయి సన్నని శబ్దాలు చాలావరకు అందడం లేదన్నారు. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది. తప్పు చెవిదే కదా. అదే చెప్పుకుందామని హుజూరాబాద్ పోయాను.

మిత్రుడు అంతా విన్నాడు.

“చెవి సంగతి సరే అన్నా. అల్లుని ముందట నన్నన్న మాట గూడ చెవే అన్నదా?”

లేదన్నాను. అతనికి అందింది నాకు అందలేదంటే ఓర్వలేక అన్నానని ఒప్పుకున్నాను. మిత్రుడు ఛాయ్ తెప్పించాడు. వానల గురించి, పత్తి గురించి మాట్లాడుకున్నాం. పియానో పెట్టలేదు. మునుపైతే బస్టాండు దాకా వచ్చేవాడు. ఆ రోజు గడప దగ్గరే ఆగిపోయాడు.

బస్టాండులో కూర్చుని అల్లుడికి ఫోన్ చేశాను. ఆ స్వరాలు ఉన్నాయనీ, వినపడనిది నాకేననీ, ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందనీ చెప్పాను.

“మామ గప్పటి సంది నా ముందట పియానో పెడ్తలేడు అంకుల్. నేనస్తున్ననంటే బంద్ జేస్తుండు.”

ఈసారి పోయినప్పుడు పెట్టమని నువ్వే అడుగు అన్నాను. అడుగుతానన్నాడు. ఆ ఇద్దరు వాయించినవాటిలో ఎవరిది పెట్టమనాలని అడిగాడు.

ఆమెది అన్నాను.