ఊదా గుడ్డ

బట్టల అంగట్లో ఊదా రంగు గుడ్డ తాను విప్పితే నాకిప్పటికీ ఊపిరి బిగుస్తుంది.

మూడో తరగతిలో, ఈస్టరు పండగకు ముందు ఏటా విగ్రహాలను కప్పి ఉంచే రోజుల్లో, మా సిస్టర్ల బడి చర్చిలో మరియమ్మ విగ్రహానికి నిలువునా ఊదా గుడ్డ కప్పారు. అంతకు నెల ముందే మా అమ్మకూ అట్లాగే గుడ్డ కప్పి తీసుకుపోయారు. నేను రోజూ వెళ్లి మరియమ్మ గుడ్డ కొస ఎత్తి పట్టుకునేదాన్ని.

"ఏం చేస్తాండావే?" అంది సిస్టరమ్మ.

"ఊపిరాడదని, సిస్టర్."

"పిచ్చిదానా, పండగనాడు తీసేస్తాం లే."

నిజంగానే తీశారు. మరియమ్మ చెక్కుచెదరలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉండేది కాబట్టి, ఆ సాయంత్రం ఇంట్లో ఇంకో కంచం పెట్టాను.

"ఎవరికి పాపా?" అన్నాడు నాయన.

"అమ్మకు. ఈపొద్దు పండగ కదా, గుడ్డ తీసేసింటారు."

నాయన ఆ కంచంలోనూ సంగటి పెట్టి, తలుపుకు గొళ్లెం వేయకుండా పడుకున్నాడు. నన్ను ఊరడించడానికే అనుకున్నాను, చాలా ఏళ్లు. ఇప్పుడు అట్లా అనిపించదు.