గెట్టు అవతలి నుంచి పెద్దెద్దు

మా ఇంట్లో గోడకు చిన్నమ్మ పెళ్ళి ఫోటో ఒకటి ఉంది. పెళ్ళి మా వాకిట్లోనే జరిగింది. ఫోటోలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళ వెనక, పందిరి గుంజ పక్కన, ఒక కొమ్మూ సగం మూపురమూ కనిపిస్తాయి. అది మా పాత ఎద్దు. నాయిన ఆ ఫోటోకు అద్దం వేయించాడు, పండగ పండగకూ తుడుస్తాడు. చిన్నమ్మ వచ్చినప్పుడల్లా "మా బావకు నేనంటే ఎంత పాయిరమో" అని కళ్ళు ఒత్తుకుంటుంది. అద్దం వేయించింది ఎవరి కోసమో మేమెవరమూ చెప్పం.

గద్వాల వైపు బండలాగుడు పందేల్లో ఆ ఎద్దుకు పెద్ద పేరు. కాడికి రెండు ఎద్దుల్ని కట్టి, ఇచ్చిన సమయంలో రాతి బండను ఎవరు ఎక్కువ దూరం లాగిస్తే వాళ్ళది గెలుపు. అంత పేరున్న ఎద్దుకు చివరికి మిగిలింది ఒక కొమ్మూ, సగం మూపురమూ. కారణం దిష్టి. కొమ్ములకు పసుపు రాసి, కాలికి నల్లతాడు కట్టిన రోజు నుంచి పందేలు అయిపోయేదాకా ఎద్దు ముందు ఫోను బయటికి తీస్తే నాయిన ఊరుకోడు.

"మనిషికి రెండు కండ్లుంటయ్, రెప్ప గొడ్తడు. దానికి ఒకటే కన్ను, రెప్ప గూడ గొట్టదు. దిష్టి తగలకుంటే ఏం తగులుతది?"

"కొడ్తది నాయినా. లోపల షట్టర్ అని ఒకటుంటది."

"ఉన్నది ఒక కన్ను, అది గూడ కొడ్తదా? ఇంకా మంచిగుంది."

ఇప్పుడున్న జతలో ఒకటి పెద్దెద్దు, ఒకటి చిన్నెద్దు. మా ఇంట్లో పేర్లు పెట్టడానికి ఎవరూ పెద్దగా కష్టపడరు. ఈ ఏడు పందేలు జరిగే జాతర దగ్గర పడుతుండగా, నాయిన పెద్దెద్దు ముందరి కాలికి నూనె రాస్తూ అన్నాడు: "ఈ ఒక్కసారి లాగిస్త. ఇంక దీనికి కాడి దించుడే."

ఎద్దు తీరిగ్గా ఉచ్చ పోసింది.

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ ఎద్దు ఎవరి పెళ్ళి వెనకనో సగం మూపురంగా మిగలకూడదు. కాడి మీద, నిండు మొహంతో, ఒక్క ఫోటో కావాలి. నేను ఇంత గట్టిగా తీసుకున్న నిర్ణయాలు తక్కువ. ఇంతకు ముందుది డిగ్రీలో లెక్కలు వదిలేయడం.

"కాడి దించినంక తీస్త నాయినా. అప్పుడు దిష్టితోని పనేముంది?"

"దించినంక అది ఇంట్ల మనిషి. కాడి మీదున్నప్పుడే అది ఎద్దు."

అయినా వదల్లేదు. అన్నం తింటున్నప్పుడూ, నీళ్ళు తోడుతున్నప్పుడూ, చివరికి ఆయన గడ్డం గీసుకుంటూ మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడూ అడిగాను. విసిగిపోయి ఒప్పుకున్నాడు.

"గెట్టు అవతల నిలబడి తీస్కో. నువ్వు దానికి కనబడొద్దు. నాకు గూడ కనబడొద్దు."

పందెం జరిగేది కోత అయిపోయిన ఇసుక చేను నడుమ. గెట్టు అంటే ఆ చేను చివరి హద్దు గట్టు. అక్కడి నుంచి నా ఫోనులో చూస్తే ఎద్దు తెల్లచీమ. వేళ్ళతో పెద్దది చేస్తే పెరుగన్నం ముద్ద. నాయిన మాట వినకుండా పందేలను వీడియో తీసి నెట్‌లో పెట్టేవాళ్ళు ఉంటారు కానీ, వాళ్ళ వీడియోల్లో ఎద్దు కంటే కింద పరిగెత్తే ప్రకటన పెద్దది. కాబట్టి కెమెరా కొనాల్సిందే.

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. కటకాలు తుడిచి డబ్బాలో పెట్టడం నా వృత్తి. అందుకని కెమెరా ఎంచుకోవడం నాకొక లెక్క కాదనుకున్నాను. నా దగ్గరున్న డబ్బుకు రెండు రకాలు వచ్చేటట్టున్నాయి. ఒకటి, మొదటి మెట్టు మిర్రర్‌లెస్. వెలుతురును పట్టే సెన్సారు పెద్దది, బొమ్మ శుభ్రం, లెన్సులు మార్చుకోవచ్చు. కానీ దాంతో వచ్చే చిన్న లెన్సుకు దూరం అందదు, దూరం లాగే లెన్సు కొనాలంటే ఇంకో కెమెరా కొన్నంత పని. రెండోది, సూపర్‌జూమ్ బ్రిడ్జ్ కెమెరా. లెన్సు మారదు, కానీ ముక్కు చాపిందంటే పక్క ఊరి దాకా పోతుంది. సెన్సారు మాత్రం శనగ గింజంత. నేను చూడని సమీక్ష లేదు. ఒక్కదాంట్లోనూ 'దిష్టి' అనే శీర్షిక లేదు.

వనపర్తిలో నాకు తెలిసిన ఫోటో స్టూడియో అన్న దగ్గర రెండు రకాలూ అమ్మకానికి ఉన్నాయి. మేడ మీది నుంచి రెండింటితోనూ బస్టాండు వైపు తీసి చూపించాడు. మిర్రర్‌లెస్‌లో ఆకాశం అందంగా ఉంది, బస్సు అగ్గిపెట్టె. సూపర్‌జూమ్‌లో ఆకాశం వెలిసిపోయింది, కానీ బస్సు కిటికీలో ఒకాయన అరటిపండు తొక్క ఎటు విసరాలా అని ఆలోచిస్తున్నది తెలుస్తోంది. తర్వాత కిందికి వచ్చి, దుకాణం షట్టరు సగం దించి, ఆ చీకట్లో నా మొహం తీశాడు. మిర్రర్‌లెస్‌లో నేను నాలాగే ఉన్నాను, అందుకు ఎవరూ ఏమీ చేయలేరు. సూపర్‌జూమ్‌లో అమ్మవారు పోసినట్టున్నాను.

"చూసినవా తమ్మీ? పొద్దు గూకితే దీనికి రేచీకటి," అన్నాడు. "నా మాటిని మిర్రర్‌లెస్ తీస్కో. పెండ్లిళ్ళు మస్తుగున్నయ్. ఆదివారం ఆదివారం నా తోని రా, నాలుగు పైసలొస్తయ్. పని నేర్చుకుంటవ్. గా పొడుగుముక్కుది తీస్కొని ఏం జేస్తవ్?"

"ఎద్దును తీస్త."

"ఎద్దునా?"

"ఒక్కటే ఎద్దును."

అన్న నన్ను జాలిగా చూశాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ల్యాబ్‌లో కటకాలు తుడిచే చేత్తో పెళ్ళిళ్ళ ఫోటోలు తీయడం ఎంత బాగుంటుంది! మిర్రర్‌లెస్ చేతిలో పట్టుకుంటే నేను కూడా ఏదో తెలిసినవాడిలా కనిపించాను, గోడ అద్దంలో చూసుకున్నాను కూడా. కానీ పెళ్ళిళ్ళు ఏటా వస్తాయి. పెద్దెద్దు మళ్ళీ కాడి ఎక్కదు. మిర్రర్‌లెస్‌ను బల్ల మీద పెట్టి, పొడుగుముక్కు దాన్ని తీసుకున్నాను.

"పగటిపూట లాగిస్తే బతికినవ్," అన్నాడు అన్న.

ఊరికి పోతూ దారిలో బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర దిగాల్సి వచ్చింది. ఒంటికన్ను వస్తువు అంజన్న పాదాల దగ్గర పెట్టకుండా ఇంటికి తేవద్దని అమ్మ ఆజ్ఞ. పూజారి కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ పట్టుకుని, కింద పెట్టడానికి చక్రాల కోసం వెతికాడు. లేవన్నాను. "అయితే ఇదెట్ల నడుస్తది?" అని అడిగాడు. బ్యాటరీతో అని చెప్పాను. మంత్రం మాత్రం మోటారు సైకిలుదే చదివాడు.

పందెం నాడు వంతుల కోసం చీటీలు తీశారు. మా జతకు చివరి వంతు వచ్చింది. నేను గెట్టు అవతల, సర్కారు తుమ్మ నీడలో మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. సాయంత్రానికి ఆ నీడ అవసరమే లేకుండా పోయింది. నీళ్ళ సీసా తెచ్చిన అమ్మ కూడా నా పక్కనే నిలబడిపోయింది.

"పొద్దు గూకుతుంది గదరా. నీ డబ్బకు కనబడతదా?"

"కనబడతది."

"నిజంగనే?"

"జరసేపు సప్పుడు జేయకమ్మా."

మా జత వచ్చేసరికి పడమర ఎర్రబడింది. బండ కదిలింది. పోయేటప్పుడు నాకు కనిపించేది తోకలు, దుమ్ము, పక్కన పరిగెత్తే నాయిన వీపు. ఎద్దు మొహం నా వైపు వచ్చేది బాట చివర మళ్ళీ తిరిగినప్పుడే. జూమ్ పూర్తిగా చాపి, ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. తిరిగాయి. ఒక్కసారిగా పెద్దెద్దు నా ముక్కు ముందుకు వచ్చేసింది. మూతి చుట్టూ నురగ, కంటి కింద తడి గీత, కాడి ఒత్తుకుని ముడతపడ్డ మెడ. నొక్కాను. మళ్ళీ నొక్కాను.

అప్పుడే చూశాను. నూనె రాసిన ముందరి కాలు నేల మీద ఆనడానికి ముందు వణికింది. చేనంతా ఈలలు వేస్తోంది. ఇంత దూరాన, గెట్టు అవతల నిలబడ్డ నాకు ఆ వణుకు గోరంత కూడా దాగకుండా కనిపిస్తోంది. అరవాలనుకున్నాను. అరిస్తే నేనున్నానని ఎద్దుకు తెలుస్తుంది. ఇంతలో చట్రంలోకి నాయిన చెయ్యి వచ్చింది. మూపురం మీద వాలింది. నొక్కాను.

ఇంకా సమయం మిగిలుండగానే నాయిన జతను ఆపేశాడు. జనం "కొట్టు, కొట్టు" అని కేకలేస్తుంటే ఎవరి వైపూ చూడకుండా, తనే పలుపు విప్పి, పెద్దెద్దు మెడ మీంచి కాడి దించాడు. బహుమతి రాలేదు. ఎద్దు పక్కనున్న ఎవరిదో తలపాగా చివర నమలడం మొదలుపెట్టింది.

దారి పొడుగునా అమ్మ నన్ను తిడుతూనే ఉంది. "నీ ఒంటికన్ను పాడుగాను. దాని దిష్టే తగిలింది."

నాయిన ఎద్దు పక్కనే నడుస్తున్నాడు. దాని మెడ నిమురుతూ అన్నాడు: "దిష్టి గాదే. వయసు."

ఎండ దెబ్బనీ, బోరు ఎండిపోవడాన్నీ, నా ఇంటర్ మార్కుల్నీ దిష్టి ఖాతాలో వేసిన మనిషి ఆయన.

ఫోటో అచ్చు వేయించడానికి వనపర్తి పోతే స్టూడియో అన్న దాన్ని దగ్గరగా చూసి పెదవి విరిచాడు. "గింజలు గింజలుంది తమ్మీ. మిర్రర్‌లెస్ అయితే నున్నగ వస్తుండె."

"నున్నగనే వస్తుండె అన్నా, చీమ."

ఇంటికి తెస్తే నాయిన దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. "ఇసుక పోసినట్టుంది గదరా." తర్వాత ఇంకాసేపు చూశాడు. "లాగింది గూడ ఇసుకలనే." అద్దం కట్టించి తెచ్చి, అమ్మ కాటుక డబ్బా అడిగి, అద్దం మీద సరిగ్గా పెద్దెద్దు చెంప దగ్గర నల్లటి చుక్క పెట్టాడు. ఫోటో మొత్తంలో కొంచెం స్పష్టంగా వచ్చిన చోటు అదొక్కటే. నేను ఆ కెమెరా కొన్నది ఆ చోటు కోసమే.

చుక్క పెట్టిన ఫోటోను పెళ్ళి ఫోటో పక్కనే తగిలించాడు. మొన్న చిన్నమ్మ వచ్చింది. గోడ చూసి ఆగిపోయింది.

"ఏంది బావా, నా పక్కన ఎద్దును వెట్టినవ్?"

నాయిన తడుముకోలేదు. "నీ ఫోటోకు దిష్టి తగలకుండ."

చిన్నమ్మ కళ్ళు ఒత్తుకుంది.