నా భర్త తాగి తూలలేదు

సహోదరీ సహోదరులారా, నా భర్త ప్రసాదుగారిని ప్రభువు తీసుకున్నాడు గనుక ఇది స్వస్థత సాక్ష్యం కాదు, అయినా దేవుడు మా ఇంటిని విడిపించాడు, అది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

మాది మండవల్లి. ఆయన కొల్లేటి చేపల చెరువుల్లో మేత వేసే పనికి వెళ్ళేవారు. ముప్పై దాటీ దాటకముందే కీళ్ళవాతం వచ్చింది, పొద్దున్నే మోకాళ్ళు, మడమలు బిగుసుకుపోయి చెరువు గట్టు మీద తూలుతూ నడిచేవారు, చూసినవాళ్ళు తాగాడన్నారు, ఆ మాట సంఘపెద్ద అయిన మా మామయ్యగారి చెవిన పడింది. మామయ్యగారు కొడుకును ఏమీ అడగకుండానే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరకు రావద్దన్నారు, మాట్లాడటం మానేశారు. నా భర్త వాదించలేదు, మందిరంలో వెనక తల వంచుకుని కూర్చునేవారు, ఇంటికొచ్చి "ప్రభువా, మా నాన్నగారు నన్ను నమ్మేలా చెయ్యి" అని ప్రార్థించేవారు. నొప్పి తీసెయ్యమని ఆయన అడగడం నేనెప్పుడూ వినలేదు.

ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, పని పోయి ఇంట్లో ఉన్నప్పుడు ఆయనకు గుండెపోటు వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. మామయ్యగారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "తాగుడే కదండీ కారణం?" అని డాక్టరుగారిని అడిగారు.

"కాదండీ. మన రక్తంలో తెల్లకణాలు ఒంటికి కాపలా కాస్తాయి. రక్తనాళం గోడలో కొవ్వు చేరితే తినేయడానికి వెళ్తాయి, తిని తిని ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి, అలా పూడిక పెరుగుతుంది. ఒక రోజు అది పగిలి రక్తం గడ్డకడితే గుండెపోటే. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఆ కణాలు ఏళ్ళ తరబడి రేగిపోయి ఉంటాయండీ, అందుకే మీ అబ్బాయికి ఇంత చిన్న వయసులో వచ్చింది."

"మరి ఆ తూలడం?"

"కీళ్ళు బిగుసుకుపోతే ఎవరైనా అలాగే నడుస్తారండీ."

మామయ్యగారు మంచం అంచున కూర్చుని కొడుకు వాచిన వేళ్ళను చేతిలోకి తీసుకున్నారు. "నొప్పని చెప్పలేదేరా నాన్నా?"

"మీరు అడగలేదు నాన్నగారూ" అన్నారు నా భర్త, కోపం లేకుండానే.

ఆదివారం పాస్టరుగారు ఆసుపత్రికే ప్రభువు బల్ల తెచ్చారు, రొట్టె విరిచి నా భర్త నోటికి అందించింది మామయ్యగారే. ఆ వారంలోనే గుండె మళ్ళీ దెబ్బతిని నా భర్త మామయ్యగారి చేతుల్లోనే వెళ్ళిపోయారు.

ఇంకొన్నాళ్ళు ఎందుకు ఉంచలేదని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను, జవాబు రాలేదు. కాని సహోదరులారా, నా భర్త ఆ నిందతో పోలేదు, తండ్రి చేతుల్లో పోయారు, దేవునికే మహిమ. మీ ఇంట్లో మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఎవరైనా ఉంటే, ప్రభువును నమ్ముకుని ఇవాళే వెళ్ళి పక్కన కూర్చోండి. ఎలా ఉన్నావని అడగండి.