బీడీలకు నేను చూపెట్టిన జాగ

పోయిన నెల ఒక బుధవారం మా దవాఖాన వరండల ఏడుగురు మొగోళ్లు అంగీలిప్పి లైన్ల నిలబడ్డరు. సరిగ్గ గప్పుడే మా డాక్టర్ సార్ తనిఖీకి వచ్చిండు. తప్పు వాళ్లది కాదు, నాదే. ఎట్లనో చెప్త, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మీకు ఎరుకే కదా, నేను సుల్తానాబాద్ అవతల ఒక ఊర్ల నర్సును. రెండు గదుల దవాఖాన, ముంగట వరండ, పక్కకు ఒక నల్లా. గంతే నా రాజ్యం. రెండు నెలల కింద పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఇంట్ల పొగ తాగేటోళ్లుంటే తల్లిదండ్రులను కూసోబెట్టి, పిల్లలకు ఏం నష్టమో చెప్పాలె. చెప్తున్నట్టు ఫోటో తీసి యాప్‌ల పెట్టాలె. ఇన్నరా, మానిండ్రా అని అడిగే గడి మాత్రం గా యాప్‌ల ఎక్కడ లేదు. ఫోటోల నా మొఖం కనవడితే ఊరంత బాగుపడ్డట్టే లెక్క.

నాకు ఫోటో కంటె స్వప్న బిడ్డ ఫికర్ ఎక్కువుండె. పిల్లకు రెండేండ్లు. నెలకు రెండు మూడుసార్లు దమ్ము లేస్తది, ఊపిరి తీస్తె ఈల ఊదినట్టు చప్పుడు. మిషన్‌తోటి మందు పొగ పెట్టినంతసేపు నా వేలు పట్టుకోని ఇడువది. పిల్ల బాపు రాజమల్లు ట్రాక్టర్ నడుపుతడు. బిడ్డంటే పానం. గని పిల్లను ఒళ్లె పండవెట్టుకోనే బీడీ తాగుతడు.

ఒక పొద్దున వాళ్లింటికి పోయిన. స్వప్న పక్కిండ్ల ఆడోళ్లను గూడ పిలిచింది. ట్రైనింగ్‌ల నేర్పిందంత చెప్పిన. కిటికి తీసినా, తలుపు కాడ నిలబడి తాగినా పొగ లోపటికే వస్తదని, అంగీకి, చేతులకు గూడ అంటుకుంటదని చెప్పిన. పిల్లల ఊపిరితిత్తులు చిన్నగుంటయి, తట్టుకోలేవన్న. ఆడోళ్లు నోళ్లు తెరుచుకోని ఇన్నరు. నాక్కూడ జర ఊపొచ్చింది.

అన్నిటికంటె మంచిది మానుడే అని చెప్తె గడపల కూసున్న రాజమల్లు తల గోక్కున్నడు. ఇరువై ఏండ్ల అలవాటు, ఒక్కనాడు పోదు, అప్పటిదాక ఏం జెయ్యాలె అని అడిగిండు. అప్పటిదాక ఇంటికి దూరం పోయి తాగమన్న. తాగినంక సబ్బు పెట్టి చేతులు కడుక్కోని, అంగీ మార్చినంకనే పిల్లను ముట్టుకోవాలె అన్న.

"దూరమంటే ఎంత దూరం నర్సమ్మా?"

నేను చెయ్యి చాపి, "గా దవాఖాన ఉన్నంత దూరం" అన్న.

నేను చెప్పింది కొలత. ఆయనకు ఇనవడ్డది అడ్రస్.

తెల్లారి పొద్దుగాల చూస్తె రాజమల్లు మా వరండల కూసోని బీడీ తాగుతుండు. నన్ను చూడంగనే లేచి నిలబడి దండం పెట్టిండు. తాగుడైనంక నల్లా కాడ నా సబ్బుతోటి చేతులు కడిగి, సంచిలకెళ్లి ఉతికిన అంగీ తీసి తొడుక్కోని పోయిండు. చెప్పింది చెప్పినట్టు చేసిండని నాకు ఎంత సంబురమైందో చెప్పలేను.

మూడోనాటికి నలుగురైండ్రు. వారానికి ఏడుగురు. ఇంట్ల ఆడోళ్లే ఎల్లగొడుతుండ్రట, తాగుతె దవాఖానకు పోయి తాగమని. కిటికి చువ్వలకు అంగీలు, వరండల బీడీ ముక్కలు. దవాఖానకిచ్చిన సబ్బు నెల రావాలె, అయిదు రోజుల్ల అరిగిపాయె. ఒకాయన అయితే ఇంటికెళ్లి కుర్చీ గూడ తెచ్చుకున్నడు.

ఎల్లగొడ్దామని ఒకనాడు గట్టిగనే బయటికొచ్చిన. గప్పుడే స్వప్న బిడ్డను ఎత్తుకోనొచ్చింది. పదిహేను రోజులైంది, పిల్లకు ఒక్కసారి గూడ దమ్ము లేవలేదని చెప్పింది. పిల్ల నవ్వుకుంట నా వేలు పట్టుకున్నది. ఇగ నోరెట్ల వస్తది? ఈడికెళ్లి ఎల్లగొడితె సక్కగ ఇండ్లల్లకే పోతరు. టీకాల రోజు మాత్రం రావొద్దని బతిలాడుకున్న.

బుధవారం టీకాలే. తొమ్మిదింటికి తల్లులొస్తరని, ఈళ్లు ఎనిమిదింటికే వచ్చి పని కానిచ్చుకుంటుండ్రు. ఎన్నడు పదింటికి ముందు రాని సార్ గూడ గానాడే ఎనిమిదింటికి వచ్చిండు. ఇక్కడ పొగ తాగుట నేరం అని రాసిన బోర్డు కింద నల్లాకు లైన్ కట్టిన ఏడుగురు మొగోళ్లు, ఒంటి మీద అంగీలు లేకుంట.

సార్ బండి దిగి శానాసేపు చూసిండు. ఇదేం క్యాంపు అని అడిగిండు.

రాజమల్లు చేతులు కట్టుకోని, "నర్సమ్మ చెప్పింది సార్, బీడీ ఇక్కడికొచ్చే తాగాలెనని" అన్నడు. నన్ను మెచ్చుకుంటున్న అనుకున్నడు పాపం.

సార్‌ను లోపటికి తీస్కపోయి మొత్తం చెప్పిన. మెమో వస్తదనే అనుకున్న. సార్ దమ్ము లేసే పిల్లల రిజిస్టర్ తెమ్మన్నడు. గా ఏడిండ్ల పేర్లు రెండు వారాల సంది అండ్ల లేవు. సార్ రిజిస్టర్ మూసిండు. బయటికొచ్చి, ఏడుగురిని మరునాడు కరీంనగర్ పెద్ద దవాఖానకు రమ్మన్నడు, మాన్పిచ్చే డాక్టర్ ఉంటడని. ఏడుగురు పోయిండ్రు. ఇద్దరు మానిండ్రు. రాజమల్లు రోజుకు రెండు బీడీల మీదికి వచ్చిండు, గా రెండు గూడ కాలువ గట్టు మీద తాగుతుండు.

నా వరండ ఖాళీ అయింది. దగ్గు మాత్రం నాకు పట్టుకున్నది. నిన్న సార్ దగ్గరికే పోయిన. ఛాతి మీద మిషన్ పెట్టి చూసి, చీటి రాసుకుంట, మీ ఇంట్ల ఎవరన్న పొగ తాగుతరా అమ్మా అని అడిగిండు.

"ఇంట్ల ఎవరు తాగరు సార్," అన్న, "నాకు డ్యూటీల పట్టింది."