బండి ఎడమకి లాగుతోంది

అందరూ అతన్ని సూటి మేస్త్రీ అనేవారు. అసలు పేరు అక్కకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. చక్రాల అలైన్‌మెంట్ చేసే షెడ్డు అతనిది. రేకుల కప్పు, నూనె పీల్చి నల్లబడిన నేల, మధ్యలో బండిని ఎత్తే లిఫ్టు, గోడవారగా కంప్యూటర్ తెర. తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగా మారితే చక్రాలు సరిగ్గా ఉన్నట్టు. మిగతా షెడ్లలో పని అక్కడితో సరి. మేస్త్రీ మాత్రం తనే బండిని రోడ్డెక్కించి, స్టీరింగ్ మీంచి చేతులు కాస్త పైకి లేపి చూసుకుంటేగాని అప్పగించేవాడు కాదు.

అతని బావ టాక్సీ నడిపేవాడు. అక్కని చేసుకున్న కొత్తలో, చదువు అబ్బక వీధులు పట్టుకుని తిరుగుతున్న బావమరిదిని చెవి మెలిపెట్టి ఒక గ్యారేజీలో పనికి కుదిర్చింది ఆయనే. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తేవారు కాదు. ఎదురుపడితే ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే.

అందుకే బావ ఒకరోజు టాక్సీని షెడ్డు ముందు ఆపి, "ఏరా సూటీ, నీ మెషిన్‌కి చత్వారం వచ్చినట్టుందే. మొన్ననేగా అలైన్‌మెంట్ చేశావు, బండి ఇంకా ఎడమకే లాగుతోంది" అంటే మేస్త్రీ నవ్వేశాడు.

"మెషిన్‌కి కాదు బావా, నీకే వచ్చుంటుంది. తాళం ఇలా ఇవ్వు."

ముందు టైర్లలో గాలి చూశాడు. సమానంగానే ఉంది. రోడ్డు వాలుగా ఉన్నా బండి పక్కకి జారుతుంది కనక, మూతపడ్డ మిల్లు వెనక చదును మైదానంలోకి తీసుకెళ్లి నడిపాడు. అక్కడా కొద్దిగా ఎడమకే. ముందు టైర్లు రెండూ ఇటుది అటు, అటుది ఇటు మార్చాడు. టైరులో లోపముంటే బండి ఇప్పుడు కుడికి లాగాలి. లాగలేదు. తిరిగొచ్చాక వంగి ముందు చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమది సెగలు కక్కుతోంది.

"బ్రేకు పట్టేసింది బావా. నువ్వు కాలు తీసినా అది వదలడం లేదు."

"అచ్చం మీ అక్కలాగే అన్నమాట."

తుప్పుపట్టిన పిన్నులు ఊడదీసి, శుభ్రం చేసి, కొత్త రబ్బర్లు వేసి బిగించాడు. మళ్లీ నడిపితే బండి లాగిన దారంలా తిన్నగా పోయింది. బావకి టీ తెప్పించాడు. గ్లాసు ఆయన వేళ్లలోంచి జారి నేల మీద భళ్లున పగిలింది. "కాలిందిరా" అన్నాడు బావ. మేస్త్రీ గాజుముక్కలు ఊడ్చేశాడు.

కొద్ది రోజులకే బావ మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు. బండి ఎడమవైపు తలుపులు పొడుగునా గీసుకుపోయి ఉన్నాయి, అద్దం విరిగి వేలాడుతోంది. ఆగి ఉన్న లారీని రాసుకుంటూ పోయిందట. వెనక సీట్లో ఉన్నావిడ భయపడి అక్కడే దిగిపోయిందట.

"పసిబిడ్డతో ఎక్కిందిరా ఆవిడ. ఏమన్నా అయ్యుంటే? బాగైందని చెప్పి పంపావు కదా."

ఆ మాట మేస్త్రీకి గుచ్చుకుంది. ఆ పూట ఇంకో బండి ముట్టలేదు. టాక్సీని లిఫ్టెక్కించి విప్పదగినవన్నీ విప్పాడు. స్ప్రింగులు ఒకవైపు కుంగాయేమోనని కొలిచాడు. చక్రాల వెనకుండే ఇనప చేతులు ఎక్కడన్నా వంగాయేమోనని తడిమాడు. స్టీరింగ్ కీళ్లు పట్టుకుని ఊపాడు. బ్రేకు చల్లగానే ఉంది. తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. తను నడిపితే బండి తిన్నగానే పోతోంది. తన చేతిపని మీద తనకే అనుమానం పుట్టడం అతనికి కొత్త.

"నువ్వు నడుపు బావా. నేను పక్కన కూచుంటాను."

మైదానంలో కొంతదూరం వెళ్లాక బండి మెల్లగా ఎడమకి ఒరిగింది. బావ కుడిచేత్తో సర్దాడు. మళ్లీ ఒరిగింది. మేస్త్రీ ముందుకు చూడడం మానేసి బావ చేతులకేసి చూశాడు. కుడిచెయ్యి స్టీరింగ్‌ని పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి పట్టుకోలేదు. వేళ్లు దానికి తగిలించి ఉన్నాయంతే. చేతి బరువంతా, కొక్కేనికి వేసిన తడి తువ్వాలులా, ఆ వేళ్ల మీద వేలాడుతోంది.

"ఎడమచెయ్యి తీసెయ్ బావా."

"ఎందుకు?"

"తియ్యి, చెబుతాను."

బావ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బండి తిన్నగా పోయింది. అవతలి గోడ దాకా తిన్నగానే పోయింది.

ఇంజను ఆపాక మేస్త్రీ రెండు వేళ్లు చాపాడు. "గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాను కదరా."

చంటిపిల్లాడి పట్టు కూడా అంతకంటే నయం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడింది. చొక్కా చెయ్యి పైకి మడిస్తే, ముంజేతి చర్మం కింద ఏదో దానంతటదే ఆగి ఆగి అదురుతోంది.

మేస్త్రీ తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"ఇటియ్యి" అన్నాడు బావ.

"ఇవ్వను. ముందు డాక్టరు దగ్గరికి పోదాం."

"బండి బాగుచెయ్యడం చేతకాక నామీద పడ్డావా? ఆనాడు నేను చెవి పట్టి లాక్కెళ్లకపోతే నీ బతుకేమిట్రా?"

ఇన్నేళ్లూ ఎత్తని మాట ఎత్తేశాడు. ఎత్తాక ఆయనే తల దించుకున్నాడు. ఎడమచేతిని కుడిచేత్తో రుద్దుకుంటూ, "బండిదే తప్పంటావనుకున్నానురా. ఆవేళ నువ్వు బ్రేకు అన్నావు చూడు, ఇంటికెళ్లి ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను" అన్నాడు.

ఇంటికెళ్లాక మేస్త్రీ చెప్పిందంతా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీ బావ చొక్కా గుండీలు ఎన్నాళ్లుగానో నేనే పెడుతున్నా తమ్ముడూ. భుజం పట్టేసిందంటే సరే అన్నా. నీ చెవిన వేస్తే బండి ఆపేస్తావని, చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

మేస్త్రీ అక్కని కోప్పడబోయాడు. రేపే ఆస్పత్రికి పోదామని మాత్రం అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కండల్లోకి సూదులు గుచ్చి పరీక్షలు చేసింది. కండల్ని కదిలించే నరాలు వరసగా చచ్చిపోయే జబ్బని చెప్పింది. మందు వాడితే కాస్త నెమ్మదిస్తుందిగాని ఆగదంది.

"ఏ సామాను మారిస్తే సరిపోతుందంటారు డాక్టరుగారూ?" అన్నాడు బావ.

"మార్చడానికి లేదండీ" అందామె. బావ నవ్వుతూనే ఉన్నాడు. అక్క ఆయన చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత టాక్సీలో బావ పక్క సీటుకి మారాడు. సెలవు రోజుల్లో మేస్త్రీ ఆయన్ని ఊరంతా తిప్పేవాడు. "క్లచ్చు మీంచి కాలు తియ్యరా, అది నీ పరుపు కాదు" అని ఆయన దారిపొడుగునా విసుక్కునేవాడు. కుడిచెయ్యి కూడా పోయింది. కాళ్లు పోయాయి. మాట ముద్దగా మారి, అక్కకి తప్ప ఎవరికీ అర్థం కాకుండా పోయి, చివరికి ఆమెకీ అందలేదు. ముద్ద గొంతులో అడ్డంపడితే ఆయన కళ్లు పెద్దవయ్యేవి. కన్నీళ్లు వస్తే తుడుచుకోవడానికి చెయ్యి లేచేది కాదు. మేస్త్రీ తుడిచేవాడు, వేరేవైపు చూస్తూ. ఎవరన్నా బావ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, జవాబు చెప్పకుండా వాళ్ల బండి గురించి అడిగేవాడు.

ఒక ఉదయం అక్క తల దువ్వుతుండగా బావ ప్రాణం పోయింది. దువ్వడం పూర్తిచేశాకే చూసుకున్నానని ఆమె తర్వాత చెప్పింది.

పక్కింటాయన షెడ్డుకొచ్చి కబురు చెప్పేటప్పటికి లిఫ్టు మీద ఎవరిదో కారుంది. మేస్త్రీ దాన్ని మెల్లగా కిందికి దించాడు. చక్రాలకి బిగించిన క్లాంపులు విప్పాడు. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. కారు యజమాని, "అయిపోయిందా మేస్త్రీ?" అని అడిగాడు.

"ఇంకా అవలేదు. రేపు తీసుకురండి" అని, షెడ్డు తలుపు దించి, అక్క ఇంటికి నడక సాగించాడు.